నీళ్లు చూసే ఆయనది ఏ ఊరు?

ఆయన పోయాడన్న కబురు మాకు సత్తెమ్మ కిరాణా కొట్టులోంచి వచ్చింది. మా కాలనీకి ఏ కబురైనా అక్కడి నుంచే వస్తుంది. బడి నుంచి వస్తూ ఉప్పు ప్యాకెట్ కోసం ఆగితే, ఆవిడ చేతిలో పనాపి నా వైపు చూసింది.

"టీచరమ్మా, మనోడు పోయిండంట. గా బోరు పాయింటాయన. మేడ్చల్ దవాఖానల పోయిండంట. మా సిద్దిపేట దిక్కు మనిషి, పాపం," అని కొంగుతో కళ్లొత్తుకుంది.

నాకు ముందు ఏడుపు రావాలి. చిరాకు వచ్చింది. "సిద్దిపేట ఏమిటండీ? ఆయనది తెనాలి. మా పక్క," అన్నాను.

ఎదురుగా మోటార్లు చుట్టే షాపులో సలీం భాయ్ ఉన్నాడు. ఎవరి మాటల్లోనైనా దూరడం ఆయనకు అలవాటు. "అరె టీచర్, మీ ఇద్దరిదీ గలత్. వో హమారే జహీరాబాద్ కే థే. నాతోని ఎన్నిసార్లు చెప్పిండు," అన్నాడు రోడ్డు అవతలి నుంచే.

చనిపోయిన మనిషి ఊరు కోసం ముగ్గురం నడిరోడ్డు మీద కాసేపు పోట్లాడుకున్నాం. పోయిన వేసవిలో జరిగినదంతా చూశాక కూడా మాకు బుద్ధి రాలేదన్నమాట. ఎవరి ఊరు వాళ్లం వదులుకోలేకపోయాం. ఇంటికొచ్చాక మాత్రం ఉప్పు ప్యాకెట్ పట్టుకుని వంటింట్లో నిలబడి బాగా ఏడ్చాను.

ఆయన్ను మొదటిసారి చూసింది మా ఇంటి పునాదులప్పుడు. మా కాలనీ శామీర్‌పేట రోడ్డు నుంచి లోపలికి, మిలిటరీ వాళ్ల పొడవాటి గోడ పక్కన ఉంటుంది. ఇక్కడ స్థలం కొన్నవాళ్లు ఇల్లు కట్టే ముందు బోరు వేయించాలి. బోరు వేయించే ముందు, నీళ్లెక్కడున్నాయో చూసేవాణ్ణి పిలవాలి. నేను సైన్సు టీచర్ని. రాళ్ల పగుళ్లలో నీరు ఎలా ఊరుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. ఇలాంటివి వద్దని మావారితో వాదించాను. వాదనలో నేనే గెలిచాను, అయినా బోరు పాయింటాయన వచ్చాడు. మా ఇంట్లో వాదనలు సాధారణంగా ఇలాగే ముగుస్తాయి.

ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, తెల్ల చొక్కా జేబులో సున్నం పొట్లం పెట్టుకుని వచ్చాడు. మాకింకా గోడే లేదు. అయినా, "గేటు ఎక్కడొస్తుందమ్మా?" అని అడిగి, సరిగ్గా ఆ చోట చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాడు. ఆ ఒక్క పనికి నా కోపం సగం తగ్గింది. తర్వాత నా వైపు తిరిగి, "మీదే ఊరండీ?" అన్నాడు.

తెనాలి దగ్గర అన్నాను.

"అమ్మ బాబోయ్! మా అమ్మమ్మ గారిది తెనాలేనండీ! నిమ్మకాయల మార్కెట్టు వెనక సందులోనే మా చిన్నతనం అంతా గడిచింది. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంటుందండీ," అన్నాడు.

అచ్చం మా మేనమామ మాట్లాడినట్టే ఉంది. ఆ సాగదీత, ఆ 'అండీ' అన్నీ మా వాళ్లవే. ఊరు వదిలి ఎన్నో ఏళ్లయిన నాకు, ఈ ఎర్రమట్టిలో నిలబడి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం కోపం కూడా పోయింది.

కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టి, కళ్లు మూసుకుని నడిచాడు. స్థలం ఈశాన్యం మూలకు రాగానే కాయ లేచి నిలబడింది. అక్కడ ఆగి, సున్నంతో గుండ్రంగా గీత గీసి, మధ్యలో అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీశాడు. దాని మీద సగం కోసిన నిమ్మకాయ పెట్టాడు.

"మీ చెయ్యే దాన్ని లేపుతోంది," అన్నాను, ఊరుకోలేక.

"చెయ్యేనమ్మా. కాయకేం తెలుసు పాపం," అని నవ్వాడు. ఈ మాట నాకు తోడు వచ్చినట్టా, ఎదురు వచ్చినట్టా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

మంచినీళ్లిస్తే తీసుకోలేదు. పాయింటు పెట్టాక బోరు పడేదాకా నీళ్లు ముట్టుకోనన్నాడు. "ఆ నీళ్ల తల్లి పైకి రావాలంటే మనం కాస్త దాహంతో ఉండాలండీ." టీ ఇస్తే మాత్రం తాగాడు. టీలో నీళ్లుండవా అని అడిగితే, "అది మరిగిపోయింది కదండీ, ఇక ఆవిడ కాదు," అన్నాడు. మర్నాడు రిగ్గు లారీ వచ్చి నేలను తొలుస్తున్నంతసేపూ ఆ దుమ్ములోనే గొంతుక్కూర్చున్నాడు. దుమ్ము తడిసి బురదై, బురద పల్చబడి నీళ్లు చిమ్మాక లేచి, చెంబెడు నీళ్లు ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. అన్ని ఇళ్లలో బోరు ఇంత బాగా పడేది కాదు. నీళ్లు పడనిచోట ఆ మట్టిగుట్ట ముందు కూర్చుని, ఇంట్లోవాళ్ల కంటే ఎక్కువ బాధపడేవాడు. వాళ్లే ఆయన్ను ఓదార్చి పంపాల్సి వచ్చేది.

సత్తెమ్మతో మాట్లాడుతుంటే మాత్రం ఆయన వేరే మనిషి. "మావోళ్లు కొమురెల్లి జాతరల ముగ్గుల పట్నం ఏసేటోళ్లక్కా. మా అవ్వ బోనం ఎత్తుకుంటె నేను ఎన్కాల ఉరికేటోణ్ణి," అంటే సత్తెమ్మ కొట్టు వదిలేసి వినేది. సలీం భాయ్ దగ్గర చెరుకు తోటల గురించి ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. ఒకరి సంగతి ఒకరికి అప్పట్లో తెలియదు. ఎవరింట్లో వాళ్లం, ఈయన మావాడని మురిసిపోతూ ఉండేవాళ్లం. కొత్త కాలనీలో ఎవరికి ఎవరూ తెలియని చోట, ఆయనొక్కడే అందరికీ చుట్టం.

పోయిన వేసవిలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. మా వరకు యుద్ధమంటే టీవీలో అరుపులు, ఫోన్లో పుకార్లు, సైరన్ మోగితే దీపాలు ఆర్పడం. డ్రోన్ కనిపించిందని ఎవరో గ్రూపులో పెడితే కాలనీ అంతా మంచాల కింద దూరినంత పనైంది. తీరా అది అలియాబాద్‌లో పెళ్లి వీడియో తీసేవాళ్లది. మిలిటరీ గోడ మీద మాత్రం కొత్త కెమెరాలు వచ్చాయి. కాపలా జవాన్లు రెట్టింపయ్యారు.

సరిగ్గా అప్పుడే కాలనీ బోరు ఎండిపోయింది. కాలనీ సంఘం సెక్రటరీ పదవి ఎవరూ వద్దంటే నా నెత్తిన పడింది కాబట్టి, ఆయనకు ఫోన్ చేసింది నేనే. గోడ పక్కన పార్కు కోసం వదిలిన ఖాళీ జాగాలో చూడమన్నాను. అది ఏ గోడో, అవి ఏ రోజులో నాకు తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. నీళ్లు లేకపోతే మనిషికి యుద్ధం కూడా గుర్తుండదు.

మర్నాడు పొద్దున నేను బడిలో ఉండగా సత్తెమ్మ ఫోన్ చేసింది. "టీచరమ్మా, జల్దీ రా! మనోణ్ణి మిలిటరోళ్లు జీపెక్కిచ్చుకపోయిండ్రు. కాళ్లకు చెప్పులు గూడ లేవు."

పరుగెత్తుకొచ్చాను. పార్కుకి గేటు రావలసిన చోట ఆయన చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. కొంచెం దూరంలో కొబ్బరికాయ పడి ఉంది. జాగా నిండా అక్కడక్కడా తెల్లటి సున్నం గుండ్రాలు, వాటి మధ్యలో అడ్డగీత, నిలువుగీత. మా ఇంట్లో అదే గుర్తు చూసినప్పుడు నాకు ముగ్గులాగా అనిపించింది. ఆ గోడ పక్కన చూస్తే, పైనుంచి బాంబు వెయ్యడానికి ఎవరో పెట్టిన గురిలాగే ఉంది.

సత్తెమ్మ, సలీం భాయ్, నేను మిలిటరీ గేటు దగ్గరికి వెళ్లాం. అక్కడ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. ఉత్తరాది మనిషి, హిందీ. తెలుగు రాదు కాబట్టి శ్రీకాకుళం హవల్దారు ఒకాయన మధ్యలో నిలబడి చెబుతున్నాడు. విషయం ఏమిటంటే, మనిషి దగ్గర గుర్తింపు కార్డు ఉంది. పోలీసులు వచ్చి చూశారు. కార్డు అసలుదే, కేసులేమీ లేవు. కానీ అందులో ఉన్న మేడ్చల్ ఇల్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు. నీకెవరున్నారని అడిగితే ఎవరూ లేరన్నాడు. పొద్దున్నుంచి నీళ్లిస్తే గ్లాసు పక్కకు జరుపుతున్నాడు, ఎందుకో చెప్పడం లేదు. చీకటి పడేలోపు ఈ మనిషి ఎవరో తేలకపోతే పైవాళ్లకు అప్పగించాలి. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళతారో, ఎన్నాళ్లు ఉంచుతారో తన చేతిలో ఉండదు.

"మీకు తెలిసిన మనిషే కదా. ఒక్కొక్కరూ వచ్చి చెప్పండి," అన్నాడు.

ఒక్కొక్కరం లోపలికి వెళ్లాం. ఎన్నాళ్లుగా తెలుసు, ఏం పని చేస్తాడు, ఏ ఊరు అని అడిగారు. మూడో ప్రశ్నకు నేను ఎంత ధీమాగా జవాబు చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నిమ్మకాయల మార్కెట్టు వెనక సందు కూడా చెప్పాను.

తర్వాత ముగ్గుర్నీ కలిపి పిలిచాడు. "ముగ్గురు సాక్షులు, మూడు ఊళ్లు," అన్నాడు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. హవల్దారు తల గోక్కున్నాడు.

"నాతోటి మాది ఇచ్ఛాపురం కాడే బావూ అన్నాడమ్మా. మా యాసే మాటాడినాడు. నానూ నమ్మీసినాను," అన్నాడు నాతో గొంతు తగ్గించి.

మిలిటరీ గదిలో, నేరస్థుడిలాగా కూర్చోబెట్టిన చోట కూడా ఆ మహానుభావుడు అలవాటు మానుకోలేదు!

"ఎవరితో మాట్లాడితే వాళ్ల ఊరివాడు అయిపోతాడు. ఇల్లు లేదు, మనుషులు లేరు. మా గోడ పక్కన గుర్తులు పెట్టాడు. నా చోట మీరుంటే ఏమనుకుంటారు, మేడం?" అన్నాడు ఆఫీసర్. సలీం భాయ్ తల దించుకున్నాడు. మాకు తెలిసిన మనిషి ఎవరో మాకే తెలియకుండా పోయాడు.

ఆయన్ను లోపలికి తీసుకొచ్చారు. పెదవులు పగిలి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. మమ్మల్ని చూసి మొహం వెలిగింది, నోరు తెరిచాడు, అలాగే ఆగిపోయాడు. మేం ముగ్గురం ఆయనకు ఒకేచోట ఎదురుపడటం అదే మొదటిసారి. ఎవరి మాటలో మాట్లాడాలో తెలియక నిలబడిపోయాడు.

సత్తెమ్మ తెచ్చిన స్టీలు క్యాన్ మూత తీసింది. జవాను ముందు తనే వాసన చూసి, ఆమె చేత ఒక గుక్క తాగించి, అప్పుడు సరేనన్నాడు. "అన్నా, నీ మొక్కు నీకు ఉండనియ్. గివి నీళ్లు గావు, సల్ల. తాగు," అంది. ఆయన కాసేపు ఆలోచించి తాగాడు. మజ్జిగలో నీళ్ల సంగతి ఈసారి నేను ఎత్తలేదు.

"గిట్లెందుకు జెప్పినవే? ఒక్కొక్కరికి ఒక్క ఊరు!" అని సత్తెమ్మ ఏడుస్తూ తిట్టింది. "పరేషాన్ల పడ్డవు గదనే!"

ఆయన ఆఫీసర్ వైపు తిరిగి హిందీలో జవాబిచ్చాడు. "సాబ్, మీ ఊరే అంటే మనుషులు గేటు తీస్తారు. ఊరే లేదంటే ఎవరు తీస్తారు?"

"నీకు ఊరు లేదా?"

"ఉండేది సాబ్. నీళ్ల కింద ఉంది. ప్రాజెక్టు కట్టారు."

ఆఫీసర్ కలం బల్ల మీద పెట్టాడు. "నీళ్లు ముందు ఎక్కడికొచ్చాయి?" అని అడిగాడు. ఇదేం ప్రశ్న అనుకున్నాను.

"బావిలోకి సాబ్. వరదలాగా వస్తుందనుకుని ఎదురుచూశాం. అలా రాలేదు. మండుటెండల్లో ఒకరోజు పొద్దున చూస్తే బావిలో నీళ్లు పైకొచ్చేశాయి. వంగి చేత్తో ముంచుకోవచ్చు. మా ఆడవాళ్లు సంబరపడి పసుపు కుంకుమ వేశారు. కొబ్బరికాయలు కొట్టారు. మా అమ్మ కూడా కొట్టింది. అది ఊరు ముంచడానికి వచ్చిన నీళ్లని ఎవరికీ అర్థం కాలేదు."

ఆఫీసర్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. తిరిగి వచ్చి ఒక కాగితం మా వైపు జరిపాడు.

"ఇతన్ని తీసుకెళ్లండి. ఎప్పుడు పిలిచినా తీసుకొస్తామని ముగ్గురూ సంతకం పెట్టండి. ఆ గుర్తులు వెంటనే చెరిపేయండి," అన్నాడు.

గేటు దాకా దిగబెట్టడానికి హవల్దారు వచ్చాడు. బోరాయన, సలీం, సత్తెమ్మ ముందు నడుస్తుంటే నాతో మెల్లగా, "మా సాబుదీ అంతేనమ్మా. కొండల్లో ఊరు, డ్యాము కింద పోనాది," అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను. "ఆ సంగతి ఆయనకు మీరు చెప్పారా?"

"పొద్దున్న కూకున్నప్పుడు సాబుది ఏ ఊరని అడిగినాడు. నాను సెప్పినానో, నేదో... గుర్తు నేదమ్మా," అన్నాడు.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆయన చెప్పింది నిజమా, లేక ఆఫీసర్‌కి కూడా 'మీ పక్క ఊరే' అన్నాడా? ఊరు మునిగిందని విన్నంత మాత్రాన బావి సంగతి తెలుస్తుందా? లేక నీళ్లతోనే బతికినవాడు కాబట్టి, కళ్లు మూసుకుని ఊహించగలడా? హిందీలో చెప్పాడు కాబట్టి యాస పట్టుకుందామన్నా నాకు దొరకలేదు. తల్లి కొట్టిన కొబ్బరికాయ దగ్గర మాత్రం ఆయన గొంతు వణికింది. దాన్ని అబద్ధం అనుకోవడానికి నాకు మనసు రాదు. అసలు ఆ ఊరి పేరేమిటని ఆఫీసర్ గాని మేం గాని అడగలేదని ఇంటికొచ్చాక తట్టింది.

ఆ సాయంత్రమే పార్కు జాగాలో సున్నం గుర్తులన్నీ ఆయనే ఉత్త పాదాలతో రాసి చెరిపేశాడు. "పాయింటే లేదు కదా, ఇంక మొక్కేముంది," అని నా చేతిలో సీసా తీసుకుని గటగటా తాగాడు. అక్కడ బోరు వేయలేదు. ట్యాంకర్లతోనే బతుకుతున్నాం.

ఆ తర్వాత ఒక్కసారి వచ్చాడు, మా వెనక వీధిలో కొత్తగా ఇల్లు కడుతున్న వాళ్ల కోసం. నేను వెళ్లి నిలబడ్డాను. చెప్పులు విడిచాడు, కాయ పట్టుకుని నడిచాడు, సున్నం బదులు చిన్న రాయి పెట్టాడు. పాలకొల్లు నుంచి వచ్చిన ఆ ఇల్లాలు, మంచిది, నోరారా పలకరించే మనిషి. ఆమెను ఆయన ఏ ఊరని అడగలేదు. టీవీలో వార్తలు చదివేవాళ్లలాగా నాలుగు ముక్కలు మాట్లాడి వెళ్లిపోయాడు. నాతో కూడా అంతే. మనిషిలోంచి మనిషిని తీసేసినట్టుంది. ఆ రోజు నాకు ఎవరి మీద కోపమో తెలియనంత కోపం వచ్చింది.

కబురు తెలిసిన నాలుగైదు రోజులకి సత్తెమ్మ నన్ను కొట్టుకి రమ్మంది. బయట బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కొత్త పెళ్లికూతురి గాజులు ఇంకా రంగు పోలేదు. సలీం భాయ్ చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"గాయిన బిడ్డంట," అంది సత్తెమ్మ.

ఎవరూ లేరన్నాడు కదా అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆ అమ్మాయి తల వంచుకుంది.

"పోయినేడు ఎండకాలమే నా పెండ్లి, మేడం. మీరు సంతకం పెట్టి ఇడిపిచ్చిండ్రని దవాఖానల ఉన్నప్పుడే చెప్పిండు. మా అత్తగారోళ్లకు తెలుస్తదని నా పేరు ఎత్తలేదంట," అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె కొంచెం సేపు గాజులు సర్దుకుని అసలు సంగతి చెప్పింది. తల్లిది మేడ్చలే, ఎప్పుడో పోయింది. నాయిన తరఫు వాళ్లు ఎవరూ రాలేదు, ఎవరికి చెప్పాలో కూడా ఆమెకు తెలియదు. అస్థికలు కుండలో కట్టి ఇంటి బయట చెట్టుకు వేలాడదీసి ఉన్నాయి. పదో రోజులోపు నీళ్లలో కలపాలి.

"నాయిన ఊర్ల కలుపుదామంటే, మా అమ్మకొక ఊరు చెప్పిండు, మా అత్తగారోళ్లకొక ఊరు చెప్పిండు. మీకు తెలుసుంటదని వచ్చిన, మేడం."

సత్తెమ్మ సిద్దిపేట అనలేదు. సలీం జహీరాబాద్ అనలేదు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. తెనాలి అని నేనూ అనలేదు. ఆ మిలిటరీ గదిలో విన్నదంతా ఆమెకు చెప్పాను. బావిలో నీళ్లు పైకి రావడం, ఆడవాళ్లు పసుపు కుంకుమ వెయ్యడం, వాళ్ల నాయనమ్మ కొబ్బరికాయ కొట్టడం, అన్నీ. ఊరు నీళ్ల కింద ఉందని చెప్పాను.

ఆమె కన్నీళ్లు తుడుచుకుని, చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచింది.

"ఏ నీళ్లు, మేడం? పేరు చెప్పుండ్రి. పొద్దుగాల్నే బస్సెక్కుత."